తలుపు తీసేది మీ చెయ్యే: హారర్ గేమ్‌లో భయం ఎలా పుడుతుంది

నమస్కారం. స్క్రీన్ మీద మీకు కనిపిస్తున్నది ఒక కారిడార్. ఈ వీడియో కోసమే కట్టాను. అటూ ఇటూ గోడలు, మధ్యలో ఒక బల్బు, చివర మూసిన తలుపు, ఆ తలుపు వెనక చిన్న గది. దయ్యం లేదు, శవం లేదు, రక్తపు మరక కూడా లేదు. వీడియో అయ్యేదాకా అలాంటివేవీ పెట్టబోవడం లేదు. అయినా సరే, ఇక్కడ అడుగు వేయడానికి ప్లేయర్ వెనకాడాలి. అదెలా చేయాలో ఇవాళ చూద్దాం. మీరు వాడేది ఏ ఇంజన్ అయినా, అంటే గేమ్ తయారుచేసే ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఫర్వాలేదు.

హారర్ అడ్వెంచర్ గేమ్‌లో మనం చేసేది ఎక్కువగా తిరగడం, వెతకడం, తాళంచెవులు ఏరుకోవడం, ఎవరో రాసిపెట్టిన కాగితాలు చదవడం, పజిల్స్ విప్పడం. చేతిలో ఆయుధం ఉండదు, ఉన్నా గుళ్లు చాలవు. ఇలాంటి గేమ్ చేయాలని కూర్చున్నవాళ్లలో చాలామంది ముందు మాన్‌స్టర్ బొమ్మతో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. వారాల తరబడి పళ్లూ గోళ్లూ చెక్కాను. ఆడినవాళ్లు మోడల్ చాలా బాగుందన్నారు. భయం మాత్రం ఎవరికీ వేయలేదు.

తర్వాత నాకు బాగా భయం వేసిన గేములన్నీ మళ్లీ పెట్టుకుని ఆడాను. ఎక్కడెక్కడ ఆగిపోతున్నానో రాసుకుంటూ ఆడాను. రాసుకున్న చోట్లలో మాన్‌స్టర్ ఎదురుగా ఉన్నవి చాలా తక్కువ. ఎక్కువసార్లు నేను ఆగింది తలుపుల ముందు, మెట్ల పైన, మలుపుల దగ్గర. అంటే అవతల ఏముందో తెలియదు, అయినా వెళ్లక తప్పదు, వెళ్లాల్సింది నేనే. సినిమాలో అయితే మనం కళ్లు మూసుకున్నా కథ నడిచిపోతుంది. గేమ్‌లో మనం కదలకపోతే కథ ముందుకు కదలదు. ‘వెళ్లాలా, వద్దా’ అని మన వేలు బటన్ మీద ఆగిపోయే ఆ కాసేపట్లోనే అసలు భయం ఉంది. ఇవాళ చేసే ప్రతి మార్పూ ఆ కాసేపటిని సాగదీయడానికే.

జంప్ స్కేర్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. హఠాత్తుగా పెద్ద చప్పుడుతో మొహం మీదికి ఏదో వస్తే ఒళ్లు అదురుతుంది. పక్కన బెలూన్ పగిలినా అదురుతుంది. అది శరీరం తనంతట తాను చేసే పని. పదేపదే చేస్తే అలవాటైపోతుంది కూడా. గేమ్ మొత్తంలో ఒకటో రెండో ఉంటే ఉండనివ్వండి. దాని మీదే గేమ్ కట్టకండి.

ఇప్పుడు తలుపు దగ్గరికి వెళ్దాం. నా సీన్‌లో ప్రస్తుతం ఒక బటన్ నొక్కితే తలుపు టక్కున తెరుచుకుంటోంది. చూడండి. ఏమీ అనిపించలేదు కదా? 1996లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ అనే హారర్ గేమ్ గుర్తు తెచ్చుకోండి. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లిన ప్రతిసారీ నల్లటి తెర మీద ఒక్క తలుపు కనిపించి, నెమ్మదిగా కిర్రుమంటూ తెరుచుకుంటుంది. అవతలి గది డిస్క్ నుంచి లోడ్ అయ్యేదాకా పట్టే టైమ్‌ని అలా కప్పారు. కానీ ఆడేవాళ్లకి అది లోడింగ్‌లా అనిపించదు. ఆ కొన్ని సెకన్లూ వెనక్కి వెళ్లలేం, ముందుకూ వెళ్లలేం. అవతల ఏం ఉండొచ్చో మన బుర్రే ఊహించుకుంటూ పోతుంది.

ఇంకో పద్ధతి నాకు ఇంకా ఇష్టం. 2010లో వచ్చిన అమ్నీషియా: ది డార్క్ డిసెంట్‌లో తలుపు తీయాలంటే మౌస్ బటన్ పట్టుకుని, మౌస్‌ని లాగాలి లేదా తోయాలి. మీరు ఎంత జరిపితే తలుపు అంతే తెరుచుకుంటుంది. బెత్తెడు తీసి సందులోంచి తొంగి చూడొచ్చు. భయమేస్తే వెంటనే మూసేయొచ్చు. ఆ కంగారులో మౌస్‌ని తప్పు దిక్కుకి తోస్తే తలుపు మూసుకోదు, ఇంకా తెరుచుకుంటుంది. నాకు చాలాసార్లు అలా జరిగింది. నా చేతి వణుకు గేమ్‌లోకి వెళ్లిపోయింది. అదే పద్ధతి మన తలుపుకి పెడదాం. బటన్ తీసేస్తున్నాను, మౌస్ కదలికని తలుపు కోణానికి కలుపుతున్నాను. ఇప్పుడు ఆడి చూడండి. గదిలో ఏమీ లేదని నాకు తెలుసు, కట్టింది నేనే. అయినా చెయ్యి నెమ్మదించింది.

తర్వాత వెలుగు. కొత్తవాళ్లు హారర్ అనగానే బ్రైట్‌నెస్ అంతా తగ్గించేస్తారు. ఏమీ కనబడకపోతే ప్లేయర్‌కి వచ్చేది చిరాకు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి గామా, అంటే తెర వెలుతురు పెంచుకుంటాడు, మీ పని అక్కడితో సరి. సగం కనబడాలి. 1999లో సైలెంట్ హిల్ గేమ్ తీసినవాళ్లకి ప్లేస్టేషన్ అనే గేమ్ మెషిన్‌తో ఒక ఇబ్బంది ఉంది, దూరంగా ఉన్న వీధులన్నీ గీసే శక్తి ఆ మెషిన్‌కి లేదు. అందుకని ఊరంతా పొగమంచుతో నింపారు. దాంతో ప్లేయర్‌కి కనిపించేది తన చుట్టూ కొన్ని అడుగులే. ఆ తర్వాత అంతా తెల్లగా ఉంటుంది. పైగా ఒక రేడియో ఇచ్చారు. మాన్‌స్టర్ దగ్గరికి వస్తే అది గరగరమంటుంది. ఏదో ఉందని చెబుతుంది తప్ప చూపించదు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆడినవాళ్లకి తెలుసు. ఏదో ఉందన్నది ఖాయం, ఎక్కడుందో మాత్రం కళ్లకి దొరకదు.

మన కారిడార్‌లో బల్బు మధ్యలో ఉంది. దాన్ని ప్లేయర్ మొదలయ్యే చోటికి జరుపుతున్నాను. అంటే నడుస్తున్నకొద్దీ వెలుగు వెనకబడుతుంది, తన నీడే ముందు పొడుగ్గా సాగుతుంది. బల్బు మిణుకుమిణుకుమనక్కర్లేదు. అది మరీ అరిగిపోయిన పద్ధతి.

సౌండ్ దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం, ఎందుకంటే మీకు ఒక్కదానికే టైమ్ ఉందంటే దానికే పెట్టమంటాను. ముందు బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ తీసేయండి. మ్యూజిక్ ప్లేయర్‌కి జాగ్రత్త చెప్పేస్తుంది. అది పెరిగితే ప్రమాదం వస్తోందని, ఆగితే ఏమీ లేదని ఇట్టే నేర్చుకుంటాడు. దాని బదులు గది నిశ్శబ్దాన్ని వాడండి. మీరున్న గదిలో రాత్రిపూట అన్నీ ఆపేసి ఒక నిమిషం రికార్డ్ చేయండి. అందులో పూర్తి నిశ్శబ్దం ఉండదు, ఒక సన్నటి హోరు ఉంటుంది. అది అడుగున పరవండి. దాని మీద ప్లేయర్ అడుగుల చప్పుడు కాస్త గట్టిగా పెట్టండి. తను చేసే చప్పుడు తనకే ఎక్కువ అనిపించాలి. అప్పుడు ఎవరూ చెప్పకుండానే మెల్లగా నడవడం మొదలుపెడతాడు.

ఇప్పుడు ఒక చిన్న మార్పు. కారిడార్ సగం దాటాక, ప్లేయర్ ఆగిన తర్వాత ఒక్క అడుగు చప్పుడు ఆలస్యంగా వినబడేలా చేస్తున్నాను. ఒక్కసారే, చాలా చిన్నగా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. విన్నారా? ప్రతిసారీ వస్తే బగ్ అనుకుంటారు. ఒక్కసారి వస్తే, ‘నిజంగా విన్నానా’ అని మళ్లీ నడిచి, మళ్లీ ఆగి చూసుకుంటారు.

కనబడని దాని గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి అమ్నీషియాలోని నీళ్ల సీన్ చెప్పకుండా ఉండలేను. నీళ్లు నిండిన నేలమాళిగ. అందులో ఒక జీవి ఉంది, అది కంటికి కనబడదు. నీళ్ల మీద దాని అడుగులు పడ్డచోట చెదిరే నీటిబొట్లు మాత్రమే కనిపిస్తాయి. మనం ఒక పెట్టె మీద నుంచి ఇంకో పెట్టె మీదికి దూకుతూ పోవాలి. ఏదో ఒక చోట నీళ్లలో కాలు పెట్టక తప్పదు. ఆ చప్పుడు మన వైపు తిరిగిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను వారాల పాటు చెక్కిన పళ్లూ గోళ్లూ ఆ నీటి చప్పుడు ముందు నిలవవని అప్పుడే అర్థమైంది.

సరే, ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం. చావు. ప్లేయర్ మొదటిసారి పట్టుబడేదాకా ‘పట్టుబడితే ఏమవుతుందో’ అన్న భయం ఉంటుంది. పట్టుబడ్డాడు, చచ్చాడు, 20 సెకన్ల వెనక చెక్‌పాయింట్ నుంచి, అంటే ఆట మళ్లీ మొదలయ్యే చోటు నుంచి మళ్లీ వచ్చాడు. రెండోసారి కూడా అంతే. మూడోసారికి మాన్‌స్టర్ కాస్తా దారిలో ఉన్న గుంతలాంటిదైపోతుంది. ఎక్కడ తిరుగుతుందో, ఎన్ని సెకన్లకి వెనక్కి తిరుగుతుందో లెక్క కట్టేసి దాటిపోతాడు.

పాత రెసిడెంట్ ఈవిల్ దీనికి కనిపెట్టిన మందు, సేవ్ చేసుకోవడానికే, అంటే అప్పటిదాకా ఆడినది దాచుకోవడానికే ధర పెట్టడం. టైప్‌రైటర్ దగ్గర సేవ్ చేసిన ప్రతిసారీ ఒక ఇంక్ రిబ్బన్ ఖర్చవుతుంది. రిబ్బన్లు లెక్కగా దొరుకుతాయి. దాంతో ఇప్పుడు సేవ్ చేయాలా, ఇంకో రెండు గదులు చూశాక చేయాలా అన్నదే పెద్ద టెన్షన్. 2014లో వచ్చిన ఏలియన్: ఐసొలేషన్ ఇంకో అడుగు ముందుకేసింది. సేవ్ స్టేషన్‌లో కార్డు పెట్టాక 3 లైట్లు ఒక్కొక్కటే వెలిగేదాకా నిలబడాలి. ఆ సమయంలో గేమ్ ఆగదు. మనల్ని వేటాడే ఏలియన్ వెనక నుంచి వచ్చి చంపొచ్చు. దాచుకునే పని చేస్తుండగానే దొరికిపోవడం కన్నా ఘోరం ఏముంటుంది?

కానీ ఇక్కడ హద్దు తెలియాలి. 5 నిమిషాల ఆట పోతే ప్లేయర్ జాగ్రత్త పడతాడు. అరగంట పోతే కోపం వస్తుంది. కోపం వచ్చినవాడికి భయం వేయదు. కాబట్టి చంపడం కన్నా, చావు పక్కనుంచి వెళ్లిపోవడం ఎక్కువ జరగాలి. ఏలియన్ విషయంలో దీన్ని బాగా ఆలోచించి చేశారు. ఆ గేమ్‌లో తెర వెనక ఒక డైరెక్టర్ వ్యవస్థ ఉంటుంది, దానికి ప్లేయర్ ఎక్కడున్నాడో ఎప్పుడూ తెలుసు. ఏలియన్‌కి మాత్రం తెలియదు. డైరెక్టర్ దానికి ‘ఆ వైపు వెతుకు’ అన్నంత సూచన మాత్రమే ఇస్తుంది, మిగతాదంతా అది చూసి, విని కనిపెట్టుకోవాలి. ప్లేయర్ మీద ఒత్తిడి ఎక్కువసేపు ఉందని లెక్క తేలితే దాన్ని కాసేపు దూరంగా పంపిస్తుంది కూడా. ఆ విరామంలో ఊపిరి పీల్చుకుంటాం. పీల్చుకున్నాం కాబట్టే మళ్లీ బిగబట్టగలం. మీ గేమ్ చిన్నదైనా ఈ విరామం తప్పకుండా పెట్టండి. ఒక గదిలోకి ఏదీ రాదని ప్లేయర్‌కి మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఆ గది నుంచి బయటికి వెళ్లడం ఎంత కష్టమవుతుందో చూడండి.

అడ్వెంచర్ గేమ్ కాబట్టి పజిల్ గురించి కూడా ఆలోచించాలి. పజిల్ దగ్గర ప్లేయర్ ఒకచోట నిలబడతాడు, కళ్లు ఒకదాని మీదే ఉంటాయి, వీపు గది వైపు ఉంటుంది. ఇది హారర్‌కి దొరికే అతి మంచి అవకాశం. అయితే ఆ పజిల్ తేలిగ్గా ఉండాలి. బుర్ర బద్దలు కొట్టుకోవాల్సినదైతే ప్లేయర్ ఆ లెక్కలో మునిగి గదిని మర్చిపోతాడు. 4 అంకెల తాళం, అంకెలు కాగితం మీద ఉన్నాయి, తిప్పడానికి 10 సెకన్లు పడుతుంది. చాలు. తిప్పుతున్నప్పుడు గేమ్ ఆగకూడదు. వెనక నుంచి ఆ సన్నటి హోరు వినిపిస్తూనే ఉండాలి.

మన గదిలో అలాంటి డబ్బా ఒకటి పెట్టాను, లోపల తాళంచెవి. అది తీసుకున్నాక ప్లేయర్ వచ్చిన దారినే తిరిగి వెళ్లాలి. ఈ తిరుగుదారిని చాలామంది వృథా చేస్తారు. 2002లో రెసిడెంట్ ఈవిల్‌ని మళ్లీ తయారు చేసినప్పుడు, మనం చంపిన జాంబీని తగలబెట్టకుండా వదిలేస్తే అది తర్వాత ఎర్రటి తలతో, ఇంకా వేగంగా లేచి వచ్చేలా చేశారు. ‘ఇక్కడి పని అయిపోయింది’ అనుకున్న చోటే మళ్లీ అనుమానంతో నడవాల్సి వస్తుంది. 2014లో వచ్చిన పి.టి. అనే చిన్న హారర్ గేమ్ అయితే దాదాపు మొత్తం ఒక్క కారిడార్‌తోనే నడిచింది. చివరి తలుపు తీస్తే మళ్లీ అదే కారిడార్ మొదట్లో ఉంటాం. నాలుగైదు చుట్లు తిరిగేసరికి అందులోని ప్రతి వస్తువూ మనకి కంఠస్థం అయిపోతుంది. ఇక గోడ మీద ఫొటో కొంచెం మారినా గుండె జారుతుంది. 2015లో దాన్ని స్టోర్ నుంచి తీసేశారు. ఇవాళ మీలో చాలామందికి అది ఆడే అవకాశం లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మన కారిడార్‌కి చివరి మార్పు ఇదే. వెళ్లేటప్పుడు ఎడమ పక్క ఒక మూసిన తలుపు ఉంది, గమనించారా? దానికి తాళం వేసి ఉంది, లాగి చూసినా రాదు. తాళంచెవి తీసుకుని తిరిగి వచ్చేటప్పుడు అది బెత్తెడు తెరిచి ఉంటుంది. లోపల చీకటి. ఏ చప్పుడూ పెట్టలేదు, కెమెరాని అటు తిప్పలేదు. ప్లేయర్ తనంతట తాను చూడాలి. చూడకుండా వెళ్లిపోయేవాళ్లు కొందరు ఉంటారు, వెళ్లిపోనివ్వండి. చూసినవాళ్లకి అది తాము కనిపెట్టింది అవుతుంది, అందుకే అంత గట్టిగా తగులుతుంది.

ఇక టెస్టింగ్. గేమ్ గురించి ఏమీ తెలియని ఒకరిని కూర్చోబెట్టండి, హెడ్‌ఫోన్స్ ఇవ్వండి, మీరు మాట్లాడకండి. అయ్యాక ‘భయం వేసిందా’ అని అడగకండి, మీ మొహం చూసి అవుననే అంటారు. ఆడుతున్నంతసేపూ వాళ్ల మౌస్ చేతిని చూడండి. ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎన్ని సెకన్లు ఆగిందో రాసుకోండి. నేను ఈ సీన్‌ని ఒకరి చేత ఆడించినప్పుడు, ఆ తెరిచిన తలుపు ముందు చెయ్యి 11 సెకన్లు కదల్లేదు. తర్వాత మౌస్‌ని మెల్లగా ముందుకి తోసి, ఆ తలుపుని మూసేసి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోయారు.