ఫారం టెస్టులకు అంత బరువైన బేస్ క్లాస్ అక్కర్లేదు

అందరికీ నమస్కారం. ముందు మా ప్రాజెక్టులో జరిగింది చెప్తాను. రిజిస్ట్రేషన్ ఫారంలో వయసు 18 కంటే తక్కువ ఇస్తే ఒప్పుకోకూడదని ఒక టెస్టు (కోడ్‌ని పరీక్షించే చిన్న కోడ్) ఉండేది, చాలాకాలంగా పాసవుతూనే ఉంది. ఒకరోజు పొరపాటున వయసు రూలే కోడ్‌లోంచి ఎగిరిపోయింది. టెస్టు మాత్రం పాసే! వెతికితే, మూడు మెట్లు పైనున్న బేస్ క్లాస్ (టెస్టులన్నీ వారసత్వంగా వాడుకునే ఉమ్మడి కోడ్) సెటప్‌లో, అంటే టెస్టుకు ముందు నడిచే భాగంలో, తయారయ్యే డేటాలో ఫోన్ నంబర్ లేదు, ఆ ఫీల్డును మధ్యలో ఎప్పుడో తప్పనిసరి చేశారు. ఫారం ఫోన్ నంబర్ లేక ఫెయిలవుతుంటే, వయసు వల్లే అని మేం నమ్ముతూ వచ్చాం.

అప్పుడు బేస్ క్లాస్ మొత్తం విప్పి చూశాం. లాగిన్, డేటాబేస్, బ్రౌజర్‌లా రిక్వెస్టులు పంపే టెస్ట్ క్లయింట్, అన్నీ అందులోనే. ఫారం వాలిడేషన్‌కి ఇవేవీ చాలావరకు అవసరం లేదు, డేటా ఇస్తే తప్పులు చెప్తుంది, అంతే. మాది జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) కాబట్టి అందులోని తేలికపాటి టెస్ట్ క్లాస్ సింపుల్‌టెస్ట్‌కేస్ మీదికి మారాం, అందులో డేటాబేస్ క్వెరీ వెళ్తే వెంటనే ఎర్రర్ వస్తుంది. యూజర్‌నేమ్ ముందే ఉందా లాంటి, డేటాబేస్ కావాల్సిన చెక్‌లు వేరే ఫైల్లో పెట్టుకున్నాం.

ఇక బేస్ క్లాస్‌లో మిగిలినవి రెండే మెథడ్లు. ఒకటి, పిలిచిన ప్రతిసారీ అన్నీ సరిగ్గా ఉన్న కొత్త డిక్షనరీ (ఫీల్డు పేరు, దాని విలువ జతలు) ఇస్తుంది. కొత్తది అని ఎందుకంటున్నానంటే, ఒకే డిక్షనరీని అందరూ వాడితే ఒక టెస్టు మార్చింది ఇంకో టెస్టుకి అంటుకుంటుంది. విలువలన్నీ స్ట్రింగులే, బ్రౌజర్ పంపేది టెక్స్టే కదా. రెండోది ఫీల్డు పేరు, తప్పు విలువ, రావాల్సిన ఎర్రర్ కోడ్ తీసుకుని, ఆ ఒక్క ఫీల్డే మార్చి, తప్పు అక్కడే, అదే కోడ్‌తో వచ్చిందా, ఇంకెక్కడా రాలేదు కదా అని చూస్తుంది. ఫారం చెల్లలేదని తెలిస్తే సరిపోదు, ఎందుకు చెల్లలేదో తెలియాలి. మెసేజ్ వాక్యంతో పోల్చకండి, అనువాదం మారినా, ఎవరైనా కామా మార్చినా టెస్టు విరుగుతుంది. రిక్వైర్డ్, మిన్ వాల్యూ లాంటి కోడ్‌లు అలా మారవు.

అన్నిటికంటే ముందు, ఏమీ మార్చని డేటా పాసవుతుందని ఒక టెస్టు రాయండి. మాకు అదే ఉండుంటే ఫోన్ నంబర్ ఆరోజే దొరికేది. తర్వాత 17 ఫెయిల్, 18 పాస్, ఖాళీ, అక్షరాలు, ఇవన్నీ సబ్‌టెస్ట్‌తో (ఒకే టెస్టులో చిన్న టెస్టులు పెట్టుకునే సౌకర్యం) ఒకే లూప్‌లో పెట్టొచ్చు, అది పైథాన్ 3.4 నుంచీ ఉంది, ఒకటి ఫెయిలైనా మిగతావి ఆగవు.

పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టించి పోల్చే రూలు మాత్రం ఈ మెథడ్‌లో పట్టదు, ఒక ఫీల్డు మారిస్తే వచ్చే తప్పు రెండోదాని మీద పడొచ్చు, లేదా మొత్తం ఫారం మీద పడొచ్చు. దానికోసం ఈ మెథడ్‌కి ఇంకో ఫ్లాగ్ (అవును/కాదు అని ఇచ్చే సెట్టింగ్) చేర్చకండి, ఆ నాలుగు లైన్లు ఆ టెస్టులోనే విడిగా రాసేయండి.