అడిగారా అంటే, ఆదేశించలేదన్నారు

అందరికీ నమస్కారం.

2017 జూన్ 7న అమెరికా సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ ముందు నలుగురు అధికారులు కూర్చున్నారు. జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ డాన్ కోట్స్, జాతీయ భద్రతా సంస్థ (ఎన్‌ఎస్‌ఏ) డైరెక్టర్ అడ్మిరల్ మైక్ రోజర్స్, డిప్యూటీ అటార్నీ జనరల్ రాడ్ రోజెన్‌స్టైన్, ఎఫ్‌బీఐ తాత్కాలిక డైరెక్టర్ ఆండ్రూ మెకేబ్. విదేశీ నిఘా చట్టంలోని 702వ సెక్షన్ గడువు పొడిగించాలా వద్దా అన్నది ఆ రోజు పేరుకి చర్చించాల్సిన విషయం. కానీ సెనేటర్ల మనసులో ఉన్న ప్రశ్న వేరు. తన ప్రచార బృందానికీ రష్యాకీ సంబంధాలున్నాయా అని సాగుతున్న దర్యాప్తు గురించి అధ్యక్షుడు ట్రంప్ మీతో విడిగా మాట్లాడారా? ఏమైనా చెయ్యమని అడిగారా?

రోజర్స్ ఆచితూచి జవాబు చెప్పారు. మూడేళ్ల పైచిలుకు పదవీకాలంలో, తనకు గుర్తున్నంతవరకు, చట్టవిరుద్ధమైనదో అనైతికమైనదో అనుచితమైనదో చెయ్యమని తనను ఎవరూ ఆదేశించలేదన్నారు. ఒత్తిడి వచ్చినట్టు కూడా గుర్తు లేదన్నారు. దర్యాప్తులో జోక్యం చేసుకోమన్న ఒత్తిడి తన మీద ఉన్నట్టు ఎన్నడూ అనిపించలేదని కోట్స్ చెప్పారు. అప్పుడు సెనేటర్ మార్కో రూబియో ప్రశ్నను ఇంకా బిగించారు. నడుస్తున్న దర్యాప్తును ప్రభావితం చెయ్యమని ఎవరైనా మిమ్మల్ని అడిగారా? ఈ ‘అడిగారా’ అన్నదానికి ఔననీ రాలేదు, కాదనీ రాలేదు.

మెయిన్ రాష్ట్ర సెనేటర్ ఆంగస్ కింగ్ కూడా పట్టు వదల్లేదు. ఎందుకు చెప్పరని రోజర్స్‌ను నిలదీస్తే, చెప్పడం సబబు కాదని తనకు అనిపిస్తోందని ఆయన అన్నారు. మీకేమనిపిస్తోందన్నది ఇక్కడ ముఖ్యం కాదన్నారు కింగ్. చెప్పనని అనడానికి మీకున్న చట్టపరమైన ఆధారమేమిటని కోట్స్‌ను అడిగారు. ఆధారం ఉందని తాను కచ్చితంగా చెప్పలేనని కోట్స్ ఒప్పుకున్నారు. ఎగ్జిక్యూటివ్ ప్రివిలేజ్, అంటే అధ్యక్షుడి గోప్యతాధికారాన్ని వాడుకుంటారా అని వైట్‌హౌస్‌ను ముందే అడిగామనీ, స్పష్టమైన జవాబు రాలేదనీ రోజర్స్ చెప్పారు.

ఆ రోజు ఇవి జవాబు లేని ప్రశ్నలుగానే కనిపించాయి. కానీ జవాబు ఉంది. అప్పటికి పది వారాల ముందే అది కాగితం మీదికెక్కి, రెండు సంతకాలతో ఒక సేఫ్‌లో భద్రంగా ఉంది. ఈ తేడా మీద దృష్టి పెట్టమని కోరడానికే ఈ రోజు మాట్లాడుతున్నాను.

ఆ కాగితం సంగతి రష్యా దర్యాప్తు జరిపిన ప్రత్యేక న్యాయవాది రాబర్ట్ ముల్లర్ ఇచ్చి, 2019 ఏప్రిల్ 18న విడుదలైన నివేదిక రెండో సంపుటంలో ఉంది. ట్రంప్ ప్రచార బృందానికీ రష్యాకీ సంబంధాలున్నాయా అన్నదాని మీద దర్యాప్తు నడుస్తోందని 2017 మార్చి 20న ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ ప్రతినిధుల సభ కమిటీ ముందు బహిరంగంగా చెప్పారు. మార్చి 22న, రోజువారీ ఇంటెలిజెన్స్ బ్రీఫింగ్ అయ్యాక, కోట్స్‌ను, సీఐఏ డైరెక్టర్ మైక్ పాంపేయోను అధ్యక్షుడు ఆగమన్నారనీ, తనకూ రష్యాకూ సంబంధం లేదని బయటికి చెప్పగలరా అని అడిగారనీ కోట్స్ ముల్లర్ బృందానికి చెప్పారు. తమను ఆగమన్నట్టు పాంపేయోకు గుర్తు లేదు. మార్చి 25న అధ్యక్షుడు కోట్స్‌కు ఫోన్ చేశారు. మార్చి 26న రోజర్స్‌కు చేశారు. రష్యా గొడవ వల్ల పనులు సాగడం లేదని వాపోయి, ఆ వార్తల్ని ఖండించడానికి మీరేమైనా చెయ్యగలరా అని అడిగారు.

ఆ ఫోన్ వచ్చినప్పుడు రోజర్స్ దగ్గర ఆయన డిప్యూటీ రిచర్డ్ లెడ్జెట్ ఉన్నారు. ఫోన్ పెట్టేయగానే లెడ్జెట్ సంభాషణ సారాంశాన్నీ, అధ్యక్షుడు కోరిన కోరికనూ నోట్‌గా రాశారు. ఇద్దరూ సంతకం చేశారు. నోట్‌ను సేఫ్‌లో పెట్టారు. 40 ఏళ్ల ప్రభుత్వ సర్వీసులో తనకు ఇంతకంటే అసాధారణమైన అనుభవం ఎదురుకాలేదని లెడ్జెట్ తర్వాత ముల్లర్ బృందంతో అన్నారు.

ఇప్పుడు జూన్ 7 నాటి రోజర్స్ వాక్యాన్ని మళ్లీ చదవండి. ఆయన అబద్ధం ఆడలేదు. అధ్యక్షుడి మాటను ఆయన ఆదేశంగా తీసుకోలేదనీ, దర్యాప్తునే అడ్డుకోమని అధ్యక్షుడు ఆయన్ను అడగలేదనీ నివేదిక కూడా చెబుతోంది. కాబట్టి ‘ఆదేశించలేదు’ నిజం. ‘ఒత్తిడి గుర్తు లేదు’ కూడా నిజమే కావచ్చు, ఒత్తిడి అన్నది ఎవరికి వారికి కలిగే భావన కనుక. కానీ ఒక కోరిక కోరారు. ఆ సంగతిని ఆ వాక్యం పూర్తిగా కప్పేసింది. సంతకాలు పెట్టి సేఫ్‌లో దాచేంత అసాధారణమని తామే అనుకున్న సంభాషణ గురించి ప్రజాప్రతినిధులు అడిగితే, సబబు కాదనిపిస్తోందని సరిపెట్టడం నా దృష్టిలో న్యాయం కాదు. ఇలాంటి వాంగ్మూలం చదివేటప్పుడు సాక్షి వాడిన క్రియాపదం కింద గీత గీయండి. ప్రశ్నలోని క్రియ అదేనా కాదా చూడండి. ప్రశ్నలో ‘అడిగారా’ ఉండి జవాబులో ‘ఆదేశించలేదు’ ఉంటే ఆ ప్రశ్నకు జవాబు రానట్టే.

కోట్స్ విషయం ఇంత తేలిగ్గా తేలలేదు. దర్యాప్తు గురించి కోమీతో మాట్లాడమని అధ్యక్షుడు తననెప్పుడూ అడగలేదని ఆయన ముల్లర్ బృందానికి చెప్పారు. మార్చి 22 నాటి సమావేశం నుంచి రాగానే ఆయన తమతో చెప్పిన తీరు వేరుగా ఉందని ఆయన కార్యాలయ సిబ్బందిలో కొందరు గుర్తుచేసుకున్నారు. రెండు జ్ఞాపకాలూ నివేదికలో పక్కపక్కనే ఉన్నాయి. ఏది సరైనదో నేటికీ తేలలేదు.

ఇక చట్టం సంగతి. 1974 జూలై 24న సుప్రీం కోర్టు అప్పటి అధ్యక్షుడు నిక్సన్ కేసులో 8-0తో ఇచ్చిన తీర్పును అందరూ ఉదహరిస్తారు. గోప్యతాధికారం ఉంది, కానీ అది సంపూర్ణం కాదు, క్రిమినల్ విచారణ అవసరం ముందు తలవంచాల్సిందే అన్నది ఆ తీర్పు. అయితే అది ప్రాసిక్యూటర్ అడిగిన వైట్‌హౌస్ సంభాషణల టేపుల గురించి. అదే ఏడాది మే నెలలో, అదే నిక్సన్ టేపులను సెనేట్ వాటర్‌గేట్ కమిటీ (ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలోకి చొరబాటునూ, దాన్ని కప్పిపుచ్చడాన్నీ విచారించిన కమిటీ) అడిగితే వాషింగ్టన్ అప్పీల్ కోర్టు ఇవ్వనక్కర్లేదంది. అవి లేకుండా తన పని సాగదని కమిటీ నిరూపించలేకపోయిందని తేల్చింది. కాంగ్రెస్ కమిటీ బలహీనత ఇక్కడే మొదలవుతుంది. పెద్ద తీర్పు పేరు చెప్పి అధికారిని బెదిరించవచ్చు గానీ, కోర్టుకెళ్తే కమిటీ తన అవసరాన్ని విడిగా రుజువు చేసుకోవాలి.

గోప్యతాధికారాన్ని ఎలా వాడాలో అధ్యక్షుడు రీగన్ 1982 నవంబర్ 4న ఒక మెమో ఇచ్చారు. దాని ప్రకారం, అడిగిన సమాచారం సున్నితమైనదని శాఖాధిపతికి అనిపిస్తే న్యాయశాఖనూ, వైట్‌హౌస్ న్యాయ సలహాదారునూ సంప్రదించాలి. వాళ్లలో ఎవరికైనా అవసరమనిపిస్తే విషయం అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాలి. ఆయన స్వయంగా అనుమతిస్తేనే ఆ అధికారాన్ని వాడినట్టు లెక్క. ఈలోగా కాస్త ఆగమని కమిటీని కోరవచ్చు, కానీ ఆ కోరడం గోప్యతాధికారాన్ని వాడటం కాదని స్పష్టంగా చెప్పాలి. పద్ధతి బాగానే ఉంది. కానీ అధ్యక్షుడు ఎన్ని రోజుల్లో తేల్చాలో అందులో గడువు లేదు. తాత్కాలికంగా ఆగమనడం శాశ్వతంగా మిగిలిపోయే దారి అదే.

2017 జూన్ 13న అదే సెనేట్ కమిటీ ముందు అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ అదే దారి పట్టారు. ఆయన గోప్యతాధికారం వాడటం లేదన్నారు. అధ్యక్షుడు తర్వాత వాడుకోదలిస్తే ఆ హక్కు పోకుండా కాపాడుతున్నానన్నారు. దీనివల్ల ఎవరూ ఏ బాధ్యతా తీసుకోనక్కర్లేదు. అధ్యక్షుడు దాచానని చెప్పుకోనక్కర్లేదు, సాక్షి చెప్పనక్కర్లేదు. కమిటీకి కోర్టులో సవాలు చెయ్యడానికి ఒక నిర్ణయం కూడా దొరకదు. మీరు దర్యాప్తుకు అడ్డుపడుతున్నారని సెనేటర్ మార్టిన్ హైన్రిక్ అన్నారు. అయినా జవాబు రాలేదు.

ఆ రోజు ఇంకో వైరుధ్యం బయటపడింది, దాన్ని చాలామంది పట్టించుకోలేదు. నన్ను అధ్యక్షుడితో ఒంటరిగా వదలొద్దని సెషన్స్‌ను వేడుకున్నాననీ, ఆయనేమీ బదులివ్వలేదనీ కోమీ జూన్ 8న ప్రమాణం చేసి చెప్పారు. బదులిచ్చాననీ, నియమాలు జాగ్రత్తగా పాటించాలన్నాననీ సెషన్స్ అదే కమిటీకి ప్రమాణం చేసి చెప్పారు.

కోమీ దగ్గరికొద్దాం, ఎందుకంటే ఆయన పద్ధతిలో నేర్చుకోవాల్సినవీ ఉన్నాయి, చెయ్యకూడనివీ ఉన్నాయి. నాలుగు నెలల్లో ట్రంప్‌తో ఆయనకు తొమ్మిది ఏకాంత సంభాషణలు జరిగాయి, మూడు ముఖాముఖి, ఆరు ఫోన్లో. ఒబామాతో ఏకాంతంగా మాట్లాడింది రెండుసార్లే, వాటికి నోట్స్ రాసుకోలేదు. జనవరి 6న ట్రంప్ టవర్ నుంచి దిగి కారెక్కగానే ల్యాప్‌టాప్‌లో రాయడం మొదలుపెట్టారు. ఫిబ్రవరి 14న ఓవల్ ఆఫీసులో మిగతావాళ్లను బయటికి పంపి, జాతీయ భద్రతా మాజీ సలహాదారు మైకేల్ ఫ్లిన్ మీద దర్యాప్తు విషయం వదిలేస్తారని ఆశిస్తున్నానని ట్రంప్ తనతో అన్నారని కోమీ చెప్పారు. దాన్ని ట్రంప్ ఖండించారు. ఆ సంభాషణ మీద కోమీ మెమోను కావాలనే రహస్య సమాచారం లేకుండా రాశారు. ఇది చాలా ముఖ్యం. ఒక్క రహస్య వాక్యం కలిసినా ఆ కాగితాన్ని మూసిన గది దాటించడం కష్టమవుతుంది. పైగా రాసిన తేదీ మే 9కి, అంటే ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసిన రోజుకి ముందుది. ఉద్యోగం పోయిన కోపంతో కల్పించాడన్న వాదనకు అంతకు ముందే రాసిన కాగితం గట్టి సమాధానం. అమెరికా సాక్ష్య నియమాలు కూడా అలాంటి పాత ప్రకటనకు చోటిస్తాయి. గది ఖాళీ చేయించి మాట్లాడారన్న దానితో సహా కోమీ కథనాన్ని గణనీయమైన ఆధారాలు బలపరుస్తున్నాయని ముల్లర్ నివేదిక చెప్పింది.

అయితే కోమీ కొన్ని మెమోల కాపీలు ఇంట్లో ఉంచుకున్నారు. ఒకదాన్ని స్నేహితుడి ద్వారా పత్రికకు చేరవేశారు. ఇవి ప్రభుత్వ రికార్డులనీ, ఆయన నియమాలు ఉల్లంఘించారనీ న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2019 ఆగస్టులో తప్పుపట్టారు. సాక్ష్యంగా కాగితానికి విలువ పెరగాలంటే అది ఎక్కడ, ఎవరి అధీనంలో ఉందన్నది కూడా సరిగ్గా ఉండాలి. లెడ్జెట్ నోట్‌కు ఆ బలం ఉంది. రెండు సంతకాలు, ఆఫీసు సేఫ్. ఏకాంత సంభాషణకు రెండో మనిషి చెవి తోడవడం వల్ల వచ్చిన బలం అది.

జ్ఞాపకం మీదే ఆధారపడితే ఏమవుతుందో 1973లోనే తెలిసింది. నిక్సన్ మాజీ న్యాయ సలహాదారు జాన్ డీన్ వాటర్‌గేట్ కమిటీ ముందు 245 పేజీల ప్రకటన చదివారు. జూలై 16న వైట్‌హౌస్ మాజీ అధికారి అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ టేపుల సంగతి చెప్పేదాకా అది డీన్ మాటకీ నిక్సన్ మాటకీ మధ్య పోటీ. టేపులు బయటపడ్డాక మనస్తత్వ శాస్త్రవేత్త అల్రిక్ నైసర్ 1981లో వాటితో డీన్ వాంగ్మూలాన్ని పోల్చారు. 1972 సెప్టెంబర్ 15 నాటి సమావేశం గురించి డీన్ చెప్పిన మాటల వివరాలు చాలావరకు సరిపోలేదు. కానీ నేరాన్ని కప్పిపుచ్చుతున్నారన్న అసలు విషయం నిజమే. కాబట్టి సాక్షిని ఒక్కో మాట దగ్గర పట్టుకుని అబద్ధాలకోరనడం ఎంత తప్పో, అతను చెప్పిన మాటలన్నీ అక్షరాలా అవేనని నమ్మడమూ అంతే తప్పు.

మన దేశంలో ఈ దృశ్యం కనిపించదు. పార్లమెంటరీ కమిటీలు సాక్షుల్ని మూసిన గదిలో విచారిస్తాయి. రాష్ట్రపతికి మంత్రులిచ్చిన సలహా ఏమిటన్నది ఏ కోర్టూ విచారించకూడదని రాజ్యాంగం 74(2) అధికరణం చెబుతుంది. అందుకే అమెరికా హియరింగ్ చూసేటప్పుడు మనవాళ్లు చాలామంది ‘చెప్పను’ అనడాన్ని మామూలు విషయంగా తీసుకుంటారు. అక్కడ అది మామూలు కాదు, ఎవరో ఒకరు ఆధారం చూపాలి.

మరి చూపకపోతే? ఒక్కో సెనేటర్‌కు దొరికేది ఐదు నుంచి ఏడు నిమిషాలు. సాక్షికి రెండు సుదీర్ఘ వాక్యాలు చాలు దాన్ని కరిగించెయ్యడానికి. అందుకని అడిగేవాళ్లు విషయంలోకి దిగకముందే చట్రం లాంటి ప్రశ్నలు వెయ్యాలి. ఆ సంభాషణ జరిగిందా? ఏ తేదీన? ఇంకెవరున్నారు? నోట్ రాశారా, ఇప్పుడది ఎక్కడుంది? గోప్యతాధికారం గురించి వైట్‌హౌస్‌ను ఎప్పుడు అడిగారు, ఎవర్ని అడిగారు? సంభాషణలోని మాటలు చెప్పకుండానే వీటికి జవాబివ్వవచ్చు, కాబట్టి వీటి దగ్గర తప్పించుకోవడం సాక్షికి కష్టం. జూన్ 7న ‘ఆ ఫోన్ మీద నోట్ ఉందా’ అని రోజర్స్‌ను అడిగి, జవాబు రాబట్టి ఉంటే రెండేళ్లు ఆగాల్సిన పని ఉండేది కాదేమో.

బలవంతం చెయ్యడానికి దారులు తక్కువ. ధిక్కారం కింద క్రిమినల్ కేసు పెట్టాలంటే అది న్యాయశాఖ ప్రాసిక్యూటర్ చేతిలో పడుతుంది, ఆ శాఖ అధిపతి అటార్నీ జనరల్. సెషన్స్ మీద ఆ దారి ఎలా పనిచేస్తుందో చెప్పనక్కర్లేదు. సెనేట్ సివిల్ దావా వేసే వీలు కల్పించిన 1978 నాటి చట్టం, ప్రభుత్వ గోప్యత పేరుతో నిరాకరించే కార్యనిర్వాహక అధికారుల్ని ఆ పరిధి నుంచే తప్పించింది. ప్రతినిధుల సభకు ఆ చట్టం వర్తించనే వర్తించదు. వైట్‌హౌస్ మాజీ న్యాయ సలహాదారు డాన్ మెగాన్‌కు ఆ సభ కమిటీ 2019 ఏప్రిల్‌లో సబ్పీనా, అంటే హాజరై సాక్ష్యమివ్వాలన్న ఆదేశం, పంపింది. కోర్టులు చుట్టి చుట్టి, చివరికి రాజీ కుదిరి, 2021 జూన్‌లో మూసిన గదిలో ఆయన మాట్లాడారు. అప్పటికి ట్రంప్ మొదటి పదవీకాలం ముగిసి నాలుగు నెలలు దాటింది.

ముల్లర్‌కు ట్రంప్ ముఖాముఖి ఇంటర్వ్యూ ఇవ్వలేదు, రాతపూర్వక జవాబులు మాత్రమే పంపారు. వాటిలో గుర్తు లేదన్న మాట 30 సార్లకు పైగా ఉంది. అవి కూడా రష్యా వ్యవహారం మీదే. న్యాయానికి అడ్డుపడ్డారా అన్న విషయం మీద ఆయన జవాబివ్వడానికి ఒప్పుకోలేదు. కాబట్టి ఫిబ్రవరి 14న గది ఎందుకు ఖాళీ చేయించారన్నదానికి, ఖాళీ చేయించిన మనిషి నుంచి ప్రమాణపూర్వకమైన జవాబు లేదు. అధ్యక్షుడు వాడని హక్కును ఆయన తరఫున సాక్షి కాపాడవచ్చా అన్న సెషన్స్ నాటి ప్రశ్నను ఆ కమిటీ కోర్టు దాకా తీసుకెళ్లలేదు.