రాజుగారి బొమ్మ వద్దన్నాక

అందరికీ నమస్కారం. ఫ్రెంచి చిత్రకళ మీద మాట్లాడమంటే చిత్రకారుడు మోనే గీసిన కలువపూలు తెస్తాననుకున్నారేమో. ఇవాళ కలువలు లేవు, చిరిగిన ప్యాంటు ఉంది.

తెర మీద చూడండి. ఓ మొగుడు చిరుగున్న ప్యాంటు పట్టుకుని పెళ్ళాం మీద చిందులేస్తున్నాడు. తప్పంతా రచయిత్రి జార్జ్ శాండ్‌దట! ఆవిడ పుణ్యమా అని ఆడవాళ్ళు ప్యాంట్ల చిరుగులు కుట్టడం మానేశారట. 1839 నాటి ఈ బొమ్మ గీసింది ఫ్రెంచి వ్యంగ్య చిత్రకారుడు ఒనోరే దోమియే.

ఈయన మొదట్లో ఇళ్ళలోకి తొంగిచూసే రకం కాదు. 1831 చివర్లో ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్‌ని కొండంత పొట్టతో కూర్చోబెట్టి, పేదల సొమ్ముని గంపలకెత్తి ఆయన నోట్లో పోస్తున్నట్టు గీశాడు. ఆరు నెలల జైలు పడింది. 1835 జూలైలో రాజు మీద హత్యాయత్నం జరిగింది, సెప్టెంబరులో కొత్త చట్టం వచ్చింది. అందులోని తమాషా వినండి. రాతకి ముందస్తు సెన్సార్ లేదు, బొమ్మకి ఉంది. రాత అభిప్రాయమట, బొమ్మ మాత్రం చేసిన పని అట!

కానీ దోమియే బొమ్మలు వేసే 'లె షారివారి' పత్రిక రోజుకో బొమ్మ ఇస్తానని పాఠకులకి మాటిచ్చింది. రాజు జోలికి పోకూడదు, పేజీ ఖాళీగా వదలకూడదు. దాంతో దోమియే చూపు పక్కింటి మీద పడింది. ఇంటి ఓనర్లూ, అద్దెకున్నవాళ్ళూ, నల్లకోటు లాయర్లూ, ఈత రాకుండానే సేన్ నదిలో దిగే పెద్దమనుషులూ వరసకట్టారు.

రోజుకో బొమ్మ అంటే రాగిరేకు చెక్కుతూ కూర్చుంటే కుదరదు. లితోగ్రఫీలో, అంటే రాతి అచ్చులో, చెక్కుడు పని లేదు. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో, కాగితం మీద గీసినట్టే గీయొచ్చు. రాయిని తడిపి సిరా రోలర్ తిప్పితే జిడ్డున్న చోటే సిరా అంటుతుంది. మన ఇళ్ళల్లో తాతల నాటి రవివర్మ ప్రెస్ లక్ష్మీ సరస్వతులు రంగుల్లో అచ్చయింది కూడా ఈ పద్ధతిలోనే. దోమియే దాదాపు నాలుగు వేల బొమ్మలు ఇలా రాళ్ళ మీద గీశాడు.

ఆ బొమ్మల్లో నాకు బాగా ఇష్టమైనవాడు రొబెర్ మకేర్. నాటకంలోంచి దిగొచ్చిన మోసగాడు. 1836లో వచ్చిన మొదటి బొమ్మలో, బ్యాంకు పెడదామంటాడు. "మరి పోలీసులో?" అంటాడు పక్కనున్న తోడుదొంగ బెర్ట్రాన్. "పిచ్చోడా, కోటీశ్వరుణ్ణి ఎవడైనా అరెస్ట్ చేస్తాడ్రా?" ఈ మాటలు దోమియేవి కావు, పత్రిక నడిపిన ఫిలిపోన్‌వి. ఇదే పత్రిక కొనేవాళ్ళలో వాటాదారులూ ఉన్నారు, లాయర్లూ ఉన్నారు. 'ఇది నేను కాదు, మా బావమరిది' అనుకుని నవ్వుకుని ఉంటారు.

దోమియేతో నాకో పేచీ ఉంది. 1844లో రాసే ఆడవాళ్ళ మీద ఏకంగా 40 బొమ్మలు గీశాడు. గీత ఎప్పట్లాగే అద్భుతం, చూపు మాత్రం ఆ ప్యాంటు మొగుడిదే. ఇంటాయన్ని ఎగతాళి చేసే మనిషి కూడా ఒక ఇంటాయనే కదా.

చివరి బొమ్మ వేయండి. 1848 ఫిబ్రవరిలో విప్లవం వచ్చింది, రాజు పారిపోయాడు. మార్చిలో అచ్చయిన ఈ బొమ్మలో పారిస్ వీధి కుర్రాడొకడు సింహాసనమెక్కి కూర్చున్నాడు. "అబ్బో, ఎంత లోపలికి దిగిపోతోందో!" అంటున్నాడు.