గాండో బడికి కప్పు వేసిన తీరు

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట మిమ్మల్ని బుర్కినా ఫాసో తీసుకెళ్తాను. పశ్చిమ ఆఫ్రికాలో, ఏ వైపూ సముద్రం లేని దేశం. రాజధాని వాగడూగు నుంచి ఆగ్నేయంగా దాదాపు 200 కిలోమీటర్లు పోతే గాండో అనే పల్లె వస్తుంది. ఆ పల్లెలో ఒక బడి ఉంది. ఆ దేశపు చరిత్ర, రాజకీయాలు ఇవాళ ముట్టుకోను, మనకున్న సమయం చాలదు. ఆ ఒక్క బడి గురించే చెబుతాను.

1965లో ఆ ఊరి పెద్ద ఇంట తొలి మగపిల్లవాడు పుట్టాడు. పేరు దియెబెదో ఫ్రాన్సిస్ కెరే. ఊళ్లో బడి లేదు. అబ్బాయికి చదవడం, రాయడం రావాలని తండ్రి పట్టుబట్టి, ఏడేళ్లప్పుడే టెంకొడొగో అనే పట్నానికి పంపేశాడు. ఆ ఊరి నుంచి బడికెళ్లిన మొదటి పిల్లవాడు అతనే. అక్కడ తరగతి గదికి సిమెంటు గోడలు, పైన రేకులు. వందమందికి పైగా పిల్లలు ఆ ఒక్క గదిలోనే. ఎండ ఎక్కితే లోపల ఎలా ఉంటుందో నేను వేరే చెప్పాలా? రేకుల గదిలో చదువుకున్నవాళ్లు మనలో తక్కువేమీ లేరు.

సెలవులకు ఊరొచ్చి మళ్లీ వెళ్లేటప్పుడు ఇంటింటికీ పోయి చెప్పి రావాలి. చెప్పడానికి వెళ్తే ఆడవాళ్లు బట్టల్లో దాచుకున్న ఆఖరి నాణెం తీసి అతని చేతిలో పెట్టేవాళ్లు. ఇది వింటే నాకు మన అమ్మమ్మల కొంగుముడే గుర్తొస్తుంది. వీళ్లందరికీ నేనంటే ఎందుకింత ఇష్టం అని ఒకసారి తల్లిని అడిగాడట. నీ చదువుకు ఇస్తున్నారు, చదువుకుని వచ్చి ఊరికేదైనా చేస్తావని ఆశ అంది ఆమె.

అంటే ఈ కథలో మొట్టమొదటి దాతలు ఆ ఊరి ఆడవాళ్లే. బడి కట్టడానికి డబ్బిచ్చిన జర్మనీ వాళ్ల వంతు ఆ తర్వాత. ఇది నేను కావాలనే నొక్కి చెబుతున్నాను.

1985లో వడ్రంగం నేర్చుకోవడానికి స్కాలర్‌షిప్ మీద జర్మనీ వెళ్లాడు. తర్వాత బెర్లిన్‌లో భవన నిర్మాణ శాస్త్రంలో చేరాడు. ఇంకా విద్యార్థిగా ఉండగానే, 1998లో స్నేహితులతో కలిసి గాండో బడి కోసం ఒక సేవాసంస్థ పెట్టాడు. తోటి విద్యార్థులను అడిగింది ఒకటే: కాఫీ, సిగరెట్లు కాస్త తగ్గించుకుని ఆ డబ్బు మా ఊరి బడికి ఇవ్వండి. రెండేళ్లలో 50 వేల డాలర్లు పోగయ్యాయి.

డబ్బు పట్టుకుని ఊరికొచ్చి, మట్టితో కడదాం అన్నాడు. ఊరు నీరుగారిపోయింది. మట్టి గోడలు వానాకాలానికి కరిగిపోతాయని ఆ ఊళ్లో తెలియనిది ఎవరికి? ఏటా మరమ్మతు చేసుకునేది వాళ్లే కదా. మట్టితో కట్టడానికేనా అన్నేళ్లు ఐరోపాలో చదివింది, ఆ కాలమంతా మాతో పొలంలో పనిచేసినా బాగుండేది కదా అన్నారు. నిజం చెప్పాలంటే నేనున్నా అదే అనేవాణ్ణి.

కెరే వాదించలేదు, కట్టి చూపించాడు. మట్టితో వంపు కప్పు ఒకటి నమూనాగా కట్టి, తన మనుషులతో కలిసి దాని పైకెక్కి గెంతాడు. అది నిలబడింది. ఊరివాళ్లూ ఎక్కి గెంతారు. అప్పటికీ నిలబడింది! ఆ గెంతులతో వచ్చిన నమ్మకం ఏ ఉపన్యాసంతోనూ రాదు.

ఇక బడి పనిలోకి ఊరంతా దిగింది. పునాదికి రాళ్లు పిల్లలు ఏరుకొచ్చారు. ఇటుకల పనికి నీళ్లు ఆడవాళ్లు మోశారు. బంకమట్టిలో కాస్త సిమెంటు కలిపి, చేతి మిషన్‌తో ఇటుకలు ఒత్తారు. నేల పని చూడండి. కుర్రాళ్లు వరసగా నిలబడి మట్టిని దిమ్మిస కొట్టారు. వాళ్ల తర్వాత తల్లులు వచ్చి, నీళ్లు చల్లుతూ గంటల తరబడి కొట్టారు. ఆ పైన నున్నటి రాయి పట్టుకుని గంటల తరబడి రుద్దారు.

ఇప్పుడు కప్పు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే, కాస్త నెమ్మదిగా చెబుతాను. గోడల మీద దూలాలు, వాటి మీద ఇనుప ఊచలు, ఆ ఊచల మీద మట్టి ఇటుకలు. అది లోకప్పు. అందులో గాలి పోవడానికి సందులు వదిలారు. దాని పైన మామూలు ఇనుప ఊచలనే చేతి రంపంతో కోసి, చిన్న వెల్డింగ్ మిషన్‌తో అతికి, ఒక చట్రం చేశారు. పెద్ద యంత్రాలేమీ లేవు. ఆ చట్రం మీద రేకులు. అంటే రేకు ఒకచోట, లోకప్పు ఒకచోట, మధ్యలో ఖాళీ. ఎండకు రేకు కాలుతుంది, కాలనివ్వండి. ఆ వేడి గాలి ఖాళీలోంచి బయటికి పోతుంది. పోతూ పోతూ గదిలోని వేడిని సందుల్లోంచి పైకి లాగుతుంది, కిటికీల్లోంచి చల్లగాలి లోపలికొస్తుంది. కరెంటు లేదు, ఫ్యాను లేదు. పైగా రేకు అంచులు గోడలు దాటి బాగా బయటికి ఉన్నాయి కాబట్టి వాన గోడల మీద పడదు. మట్టి కరగదు.

2001లో మూడు గదులతో బడి పూర్తయింది. 2004లో దానికి, మంచి కట్టడాలకు ఇచ్చే ఆగా ఖాన్ పురస్కారం వచ్చింది. 2022లో కెరేకు ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. భవన నిర్మాణంలో అంతకు మించిన గౌరవం లేదంటారు, అది అందుకున్న తొలి ఆఫ్రికావాసి అతను. మొదట 120 మందితో నడిచిన బడికి తర్వాత దాదాపు 700 మంది పిల్లలయ్యారు. గదులు పెంచారు. ఉండటానికి ఇల్లు లేకపోతే పల్లెకు పంతులు రాడు కాబట్టి పంతుళ్లకు ఇళ్లు కట్టారు. ఇక గ్రంథాలయానికి ఊరి ఆడవాళ్లు చేసిన కుండలు తెచ్చి, అడుగులు కోసి, కాంక్రీటు పోసేముందు కప్పులో అమర్చారు. ఆ కుండ మూతుల్లోంచే వెలుతురూ, గాలీ వచ్చేలా. పని నేర్చిన ఊరివాళ్లు ఆ తర్వాత వేరే చోట్ల కూడా కూలి సంపాదించుకున్నారు. దాతల పేర్లు చెక్కిన శిలాఫలకాల కంటే నాకు ఇదే గొప్పగా కనిపిస్తుంది.

మన దగ్గరా విదేశాల్లో స్థిరపడినవాళ్లు సొంతూరి బడికి గది కట్టిస్తుంటారు, మంచి పని. మార్చి వచ్చేసరికి ఎండకు ఒంటిపూట బడులు పెట్టుకునే ప్రాంతం మనది. కాబట్టి అలాంటివాళ్లకు ఒక్క మాట. రేకుల గది అయితే రేకును నేరుగా గోడ నెత్తిన పెట్టనివ్వకండి. కింద లోకప్పు వేయించండి. వేయించి, మధ్యలో ఖాళీని నాలుగు వైపులా మూసేస్తే వేడి అక్కడే కూర్చుంటుంది, రెండు వైపులైనా గాలి ఆడాలి. అంచు గోడ దాటి బయటికి రావాలి. పైకి లేపిన రేకు గాలివానకు లేచిపోకుండా బిగింపు గట్టిగా ఉండాలి. ఇవన్నీ పునాది తీయకముందే మేస్త్రీతో మాట్లాడుకోండి. కప్పు పడ్డాక చెబితే ఏ మేస్త్రీ వినడు.

సెలవు.