బూట్ల గురించి మాట్లాడమన్నారు

(తిరుపతిలో మా వాకింగ్ మిత్రుల ఆదివారం సమావేశంలో చెప్పిన మాటలు)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికీ, కార్యదర్శిగారికీ, పొద్దున్నే ఇడ్లీలు తెప్పించినవాళ్ళకీ, ఎండెక్కకముందే వచ్చిన మీ అందరికీ. నన్ను పరిచయం చేస్తూ "ఎవరెస్టు బేస్ క్యాంపుకు పోయొచ్చిన మాస్టారు" అన్నారు కదా, అది తప్పు. నేను అక్కడికి పోలేదు. లోబుచే అనే ఊరి దాకా పోయి దిగొచ్చేశాను. 2018 అక్టోబరు నుంచి ఎవరు ఆ మాట అన్నా నవ్వి ఊరుకుంటున్నాను. ఈరోజు ఊరుకోదల్చుకోలేదు.

కొండలకు పోయేవాళ్ళు ఏ బూట్లు కొనాలో, ఏ బ్యాగు కొనాలో చెప్పమన్నారు. అది ఆఖర్లో.

మన అందరికీ ఒక ధీమా ఉంది. అలిపిరి 3550 మెట్లు ఎక్కేవాళ్ళం, మనకు హిమాలయాలొక లెక్కా అని. నాకూ ఉండేది. వారం వారం శ్రీవారి మెట్టు 2388 మెట్లూ ఎక్కి, పైన కాఫీ తాగి దిగేవాడిని. కానీ తిరుమల ఎత్తు దాదాపు 980 మీటర్లు. అక్కడ నేపాల్‌లో మనం విమానం దిగి నడక మొదలుపెట్టే లుక్లాయే 2860. పైకి పోయేకొద్దీ ఆక్సిజన్ చాలక వచ్చే ఎత్తు జబ్బుకు కండబలంతో పనిలేదండీ. రోజూ పరిగెత్తే కుర్రాడికి రావచ్చు, వాడి వెనకాల ఆయాసపడుతూ వచ్చే పెద్దాయనకు రాకపోవచ్చు. గాలిలో ఆక్సిజన్ శాతం పైనా కిందా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి, ఐదున్నర వేల మీటర్ల దగ్గర సగమైపోతుంది, ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజనూ అంతే. మూడు వేలు దాటాక ఒక్కో రాత్రికి పడుకునే ఊరి ఎత్తు 500 మీటర్లకు మించి పెంచొద్దు, మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగు అంటారు డాక్టర్లు. లెక్కల మాస్టారిని కదా, ఇదంతా కాగితం మీద రాసి జేబులో పెట్టుకునే పోయాను.

మా ప్లానులో దారిలో ఉన్న నామ్చే అనే ఊళ్ళో రెండు రాత్రులు, ఇంకా పైన డింగ్‌బోచేలో రెండు రాత్రులు ఉన్నాయి. పొగమంచు వల్ల లుక్లా విమానం ఒకరోజు ఆలస్యమైంది. ఆ రోజును తిరిగి సంపాదించడానికి, మమ్మల్ని తీసుకెళ్ళినవాళ్ళు డింగ్‌బోచేలో రెండో రాత్రి ఎత్తేశారు. ఇన్నాళ్ళూ వాళ్ళనే తిట్టుకున్నాను, డబ్బు మిగుల్చుకున్నారని. కానీ ఆ మాట చెప్పినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాగితం జేబులోనే ఉంది! వరుసగా మేం రాత్రి పడుకున్న ఊళ్ళు టెంగ్‌బోచే 3860, డింగ్‌బోచే 4410, లోబుచే 4900 పైన. తీసివేతలు మీరే వేసుకోండి.

డింగ్‌బోచేలోనే తలనొప్పి మొదలైంది. మా గైడు నేపాలీ అబ్బాయి, పొద్దునా సాయంత్రం ఒక్కొక్కరి దగ్గరికొచ్చి "సార్, తల ఎలా ఉంది?" అని హిందీలో అడిగేవాడు. బ్రహ్మాండంగా ఉందన్నాను. గదిలోకి పోయి పారాసెటమాల్ మింగాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ బ్రహ్మాండం, మళ్ళీ మాత్ర. ఎందుకండీ? ఇంట్లో ఆడవాళ్ళు "ఈ వయసులో ఎందుకు" అన్నారు కాబట్టి. వెనక్కి పంపేస్తాడని భయం. బడిలో పిల్లలు కడుపునొప్పి అని అబద్ధం చెప్తే పట్టుకునేవాడిని, నేను నొప్పి లేదని చెప్పాను.

లోబుచేలో రాత్రి రెండుసార్లు వాంతి. పొద్దున బూట్ల లేసులు కట్టుకోవడం చేతకాలేదు. చేతిలో లేసు ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియదు. గైడు చూశాడు. నేలమీద చెక్క అతుకు చూపించి, ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్ళు ఆనించి దాని మీద నడవమన్నాడు. నాలుగో అడుగుకే గోడకు పడ్డాను, కల్లు తాగినవాడిలా. మెదడులో నీరు చేరుతుంటే ఇట్లా తూలుతారట. ఆ అబ్బాయి ఇంక నన్ను ఏమీ అడగలేదు. బ్యాగు ఒక భుజానికి, నన్ను ఒక భుజానికి వేసుకుని దిగడం మొదలుపెట్టాడు. ఫెరిచేలో చిన్న ఆసుపత్రి ఉంది, సీజన్లో డాక్టర్లుంటారు. ఆక్సిజన్ పెట్టారు, సూది వేశారు. అసలు మందు దిగడమే అన్నారు. మర్నాడు ఇంకా కిందికి.

దారిలో తుక్లా పైన రాళ్ళ గుట్టలున్నాయి, కొండల మీద చనిపోయినవాళ్ళ గుర్తుగా కట్టినవి. ఎక్కేటప్పుడు అక్కడ ఫొటో దిగాను. దిగేటప్పుడు తల పక్కకు తిప్పుకున్నాను.

మన దగ్గర మెట్లపూజ చేసే ఆడవాళ్ళను చూడండి. ప్రతి మెట్టుకూ వంగి పసుపు, కుంకుమ పెట్టి, పక్కనున్న ముసలామె లేచేదాకా ఆగి మళ్ళీ ఇంకో మెట్టు. దూసుకుపోతూ వాళ్ళను దాటేసి నవ్వుకునేవాడిని. ఆ అబ్బాయి రోజంతా "బిస్తారై, బిస్తారై" అనేవాడు, మెల్లగా మెల్లగా అని. వాడు చెప్పిన నడక ఇదే. సరే, ఎక్కడికో పోతున్నాను.

అసలు సంగతి. ఆరోజు నాతోపాటు ఇంకొకాయన దిగాడు. ఆయనకు తలనొప్పి లేదు, కాళ్ళనొప్పి లేదు. ఇంకో ఆరు గంటలు నడిస్తే బేస్ క్యాంపు. రెండేళ్ళు చీటీ కట్టి దాచుకున్న డబ్బుతో వచ్చాడు. "బావను ఒక్కణ్ణి పంపను" అని వచ్చేశాడు. తిరిగొచ్చాక పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరడిగినా "నాకే మోకాళ్ళు పట్టేశాయి, నాకోసం బావ దిగొచ్చాడు" అని చెప్తున్నాడు. నా భార్య కూడా అదే నమ్ముతోంది. ఏమ్మా, ఇప్పుడు విన్నావు కదా. మీ తమ్ముడి మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

నవ్వకండి, దయచేసి. ఆయన నాలుగో వరుసలో కూర్చుని నన్ను చేత్తో ఆపమంటున్నాడు. ఆపను. ఆరోజు నేను గైడుకు ఒక్క ముక్క, "తల నొస్తోంది బాబూ" అని డింగ్‌బోచేలోనే చెప్పుంటే, ఇంకో రాత్రి అక్కడే పడుకునేవాళ్ళం. బహుశా ఇద్దరం చేరేవాళ్ళం. లేదా నేనొక్కణ్ణే ఆగి, ఆయన్ను పంపేవాడిని.

ఇంక బూట్లంటారా, నా బూట్లు నాకు ఆరోజు కట్టింది ఆయనే. ఏది కొనాలో ఆయనకే బాగా తెలుసు. మైకు అటు ఇవ్వండి నాయనా.