క్రిస్టీనా న్యాగు ఆడలేకపోయిన నెలలు

సభకు నమస్కారం. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకు, పీఈటీలకు, ముందు వరుసల్లో కూర్చున్న హ్యాండ్‌బాల్ అమ్మాయిలకు నా ప్రత్యేక అభినందనలు.

ఒక గొప్ప క్రీడాకారిణి గురించి చెప్పమన్నారు. రొమేనియా అమ్మాయి క్రిస్టీనా న్యాగును ఎంచుకున్నాను. అంతర్జాతీయ హ్యాండ్‌బాల్ సమాఖ్య ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఆమెకు నాలుగుసార్లు దక్కింది: 2010, 2015, 2016, 2018. అంతకుముందు నాలుగుసార్లు అందుకున్నవారు లేరు. ఆ సంవత్సరాలను ఇంకోసారి చూడండి. 2010కీ 2015కీ మధ్య ఎంత ఖాళీ ఉందో గమనించారా? ఈ రోజు ఆమె గోల్స్ కంటే ఆ ఖాళీ గురించే ఎక్కువ మాట్లాడతాను.

ముందు ఆమె ఆడిన స్థానం అర్థం కావాలి. గోల్ ముందున్న ఆరు మీటర్ల గీత లోపల గోల్‌కీపర్ తప్ప ఎవరూ కాలు మోపకూడదు. ఎదుటి జట్టువాళ్లు ఆ గీత వెంబడి చేతులెత్తి అడ్డంగా నిలబడతారు. న్యాగు లెఫ్ట్ బ్యాక్. ఆమె పని దాదాపు తొమ్మిది మీటర్ల దూరం నుంచి మూడు అంగల్లో వేగం అందుకుని, పైకి ఎగిరి, ఆ చేతుల మీదుగా బంతిని విసరడం. గాల్లో ఉండగానే ఎవరో ఒకరు ఒంటికి తగులుతారు. దిగేటప్పుడు తరచూ బరువంతా ఒక్క కాలి మీదే పడుతుంది. విసిరిన ప్రతిసారీ భుజానికి పని, దిగిన ప్రతిసారీ మోకాలికి పరీక్ష. ఆమెకు తగిలిన పెద్ద దెబ్బలు సరిగ్గా ఆ రెండు చోట్లే.

1988లో బుకారెస్ట్‌లో పుట్టింది. బ్రషోవ్ నగరంలోని క్లబ్బులో పేరు తెచ్చుకుని, 2009లో ఓల్త్‌కిమ్ జట్టుకు వెళ్లింది. రిమ్నికు వల్చా అనే ఊళ్లోని ఒక రసాయనాల కంపెనీ పోషించిన జట్టది. 2010లో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లి డెన్మార్క్ జట్టు వీబోర్గ్ చేతిలో ఓడారు. అదే ఏడాది డిసెంబరులో యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో రొమేనియాకు కాంస్యం వచ్చింది. ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి అయ్యేనాటికి ఆమెకు ఇరవై రెండేళ్లు.

ఆ తర్వాత విసిరే చేతి భుజం దెబ్బతింది. చాలాకాలం కోర్టుకు దూరమైంది. తిరిగొచ్చాక 2013లో మోకాలి లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ, పోయింది. అదే ఏడాది కంపెనీ దివాలా తీసింది, క్లబ్బు కూలిపోయింది. గాయపడిన మోకాలు, జీతమిచ్చే జట్టు లేని పరిస్థితి రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. అక్కడితో ఆమె కథ ముగిసిపోయి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

మాంటెనెగ్రో అని ఆరు లక్షల పైచిలుకు జనాభా ఉన్న చిన్న దేశం. దాని రాజధాని పోడ్గోరిత్సాలోని బుడుచ్నోస్త్ క్లబ్బు ఆమెను తీసుకుంది. నిన్నటిదాకా గాయంతో ఉన్న మనిషిని నమ్మి ఒప్పందం రాసుకున్న ఆ క్లబ్బును నేను మెచ్చుకోకుండా ఉండలేను. 2014 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో హంగరీ జట్టు గ్యోర్ చేతిలో ఓడినా, 2015లో బుడాపెస్ట్‌లో నార్వే జట్టు లార్విక్‌ను 26-22తో ఓడించి కప్పు అందుకున్నారు. ఆ డిసెంబరులోనే డెన్మార్క్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. క్వార్టర్ ఫైనల్‌లో ఆతిథ్య జట్టునే, వాళ్ల ప్రేక్షకుల ముందే, అదనపు సమయంలో 31-30తో రొమేనియా ఓడించింది. సెమీఫైనల్‌లో నార్వేతో మళ్లీ అదనపు సమయం, ఈసారి రెండు గోల్స్ తేడాతో ఓటమి. చివరికి పోలండ్‌పై గెలిచి కాంస్యం. న్యాగు 63 గోల్స్‌తో ఆ పోటీల్లో అందరికంటే ఎక్కువ కొట్టింది, ఉత్తమ క్రీడాకారిణిగానూ నిలిచింది. భుజం పోయిన మనిషి, మోకాలు పోయిన మనిషి!

2017లో సొంత ఊరి జట్టు సీఎస్ఎం బుకారెస్ట్‌కు వచ్చింది. 2018 డిసెంబరులో ఫ్రాన్స్‌లో, యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో హంగరీతో ఆడుతూ పడిపోయింది. మళ్లీ మోకాలు, మళ్లీ లిగమెంట్. మోకాలిని నిలకడగా పట్టి ఉంచే ఆ లిగమెంట్‌ను ఏసీఎల్ అంటారు. రొమేనియా ఆమె లేకుండానే సెమీఫైనల్ ఆడి, నాలుగో స్థానంతో ఇంటికెళ్లింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు. 2019లో తిరిగి కోర్టులోకి వచ్చింది, 2024 దాకా ఆడింది. ఛాంపియన్స్ లీగ్‌లో వెయ్యి గోల్స్ దాటింది. ఒలింపిక్ పతకం మాత్రం రాలేదు. 2016 రియోలో రొమేనియా క్వార్టర్ ఫైనల్‌కే చేరలేదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణమూ అందలేదు. ఆ లోటు ఆమె గొప్పతనాన్ని తగ్గిస్తుందని నేను అనుకోను.

ఆమె పట్టుదల గురించి అందరూ మాట్లాడతారు, నిజమే. కానీ పట్టుదల ఒక్కటే మోకాలిని బాగుచెయ్యదు. శస్త్రచికిత్స చేసే సర్జన్ కావాలి, నెలల తరబడి రోజూ వ్యాయామం చేయించే ఫిజియో కావాలి, ఆ నెలల్లో ఆగని జీతం కావాలి. ఏసీఎల్ శస్త్రచికిత్స తర్వాత మళ్లీ ఆటలోకి రావడానికి తొమ్మిది నెలలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. మన ఊళ్లలో అదే దెబ్బ తగిలిన అమ్మాయికి ఆ తొమ్మిది నెలలు ఎవరు చూస్తారు? నాన్న అప్పు చేసి ఆపరేషన్ చేయిస్తాడు. ఫిజియో దగ్గరికి పట్నం వెళ్లాలంటే బస్సు చార్జీలు, వెంట ఒక మనిషి. రెండో నెలలో అది ఆగిపోతుంది. "ఇక ఆటలు చాలమ్మా" అనే మాట వస్తుంది. ఆ తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. వాళ్లకు ఇంకో దారి చూపించనిది మన వ్యవస్థ.

ఎగిరి దిగే, పరుగు మధ్యలో ఒక్కసారిగా మలుపు తిరిగే ఆటల్లో ఏసీఎల్ గాయం అబ్బాయిల కంటే అమ్మాయిలకే చాలా ఎక్కువ. కోచ్‌లు ఈ సంగతి మొదటి రోజే తెలుసుకోవాలి. దీనికి పెద్దగా డబ్బు ఖర్చుకాని విరుగుడు కొంత ఉంది. నార్వేలో 120 యువ హ్యాండ్‌బాల్ క్లబ్బులతో చేసిన పరీక్ష ఫలితాలు 2005లో వెలువడ్డాయి. పదిహేను, ఇరవై నిమిషాల ప్రత్యేక వార్మప్ చేసిన పిల్లలకు మోకాలు, చీలమండ గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. పెద్ద యంత్రాలు అక్కర్లేదు.

కాబట్టి పీఈటీలకు నా విన్నపం. రేపు పొద్దున బంతి బయటికి తియ్యకముందే పిల్లల్ని వరుసగా నిలబెట్టండి. ఎగిరి దిగమనండి. రెండు కాళ్ల మీద, మోకాళ్లు కొంచెం వంచి దిగాలి. మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలిపోకుండా, కాలి వేళ్లవైపే ఉండాలి. తర్వాత ఒంటికాలి మీద నిలబడి బంతి అందుకోమనండి. తప్పుగా దిగిన పిల్లని ఆపి, మళ్లీ ఎగరమనండి.