ప్రొటీన్ బాగా తింటున్నా కండ ఎందుకు రావట్లేదు?

హాయ్ అండీ. కామెంట్లలో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "నెల రోజులుగా ప్రొటీన్ బాగా తింటున్నాను, కండ రావట్లేదేంటి?" మరి వ్యాయామం చేస్తున్నారా అని అడిగితే, "ఇంకా మొదలుపెట్టలేదు, ముందు తిండి సెట్ చేసుకుంటున్నా" అని జవాబు. నాకు చిరాకు పుట్టేది సరిగ్గా ఇక్కడే! ప్రొటీన్ అంటే ఏంటో, కేలరీ అంటే ఏంటో మీకు తెలుసు కాబట్టి ఆ పాఠం వదిలేద్దాం. నేరుగా టైలర్ షాపుకి వెళ్దాం.

మీ ఒళ్లు ఒక టైలర్ షాపు అనుకోండి. ప్రొటీన్ బట్ట, వ్యాయామం ఆర్డర్, కుట్టిన చొక్కా కండ. ఆర్డర్ ఒక్కటీ లేకుండా షాపులో తాన్లకు తాన్లు బట్ట దింపితే టైలర్ ఏం చేస్తాడు? చిరుగులు కుడతాడు, అంతే. కొత్త చొక్కా ఎవరికోసమని కుడతాడు?

పైగా ఈ షాపుకి గోడౌన్ లేదు. కొవ్వు దాచుకోవడానికి ఒంట్లో కావలసినంత చోటుంది. పిండిపదార్థాన్ని కూడా కొంతవరకు గ్లైకోజన్‌గా దాచుకోవచ్చు. ప్రొటీన్ అరిగాక వచ్చే ముక్కలు, అంటే అమినో ఆమ్లాలకు మాత్రం అలాంటి గది లేదు. పని అయిపోయాక మిగిలిన వాటి నుంచి నైట్రోజన్‌ని విడదీసి కాలేయం యూరియాగా మారుస్తుంది, అది మూత్రంలో పోతుంది. మిగతాది ఇంధనంగా ఖర్చయిపోతుంది. పట్టు తాను కొని పొయ్యిలో పెట్టడం అన్నమాట. ప్రొటీన్ పౌడర్ డబ్బాల మీద కండల బొమ్మలు వేసి అమ్మేవాళ్లు ఈ సంగతి ఎందుకు చెబుతారు లెండి.

మరి ఆర్డర్ ఎలా ఇవ్వాలి? బరువులెత్తాలి, లేదా పుషప్స్‌లా సొంత బరువునే ఎదిరించాలి. నడక మంచిదే, మానకండి. కానీ "ఇక్కడ ఇంకా కావాలి" అనే కబురు కండకి గట్టిగా చేరేది బరువు మోసినప్పుడే. ఒక గట్టి సెషన్ తర్వాత 24 గంటలకు పైగా, కొత్తవాళ్లలో 48 గంటల దాకా టైలర్ చేతులు ఖాళీగా ఉండవు. అయితే రోజూ అవే కొలతలు ఇస్తే అదే సైజు చొక్కా వస్తుంది. బరువో, రెప్సో (ఎన్నిసార్లు ఎత్తుతున్నారో ఆ లెక్క) మెల్లగా పెంచుతూ పోవాలి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. బరువు తగ్గాలని తిండి తగ్గించారు. షాపుకి బట్ట రావడం తగ్గింది, ఖర్చులు మాత్రం ఆగలేదు. అప్పుడు టైలర్ కుట్టి పెట్టిన పాత చొక్కాలు విప్పడం మొదలుపెడతాడు. అంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ప్రచురించిన ఒక పరిశోధన దీనిమీదే. 40 మంది యువకులకి నాలుగు వారాల పాటు అవసరం కన్నా 40 శాతం తక్కువ కేలరీలు ఇచ్చి, వారానికి ఆరు రోజులు గట్టిగా వ్యాయామం చేయించారు. ఒక గుంపుకి రోజుకి కిలో శరీర బరువుకి 1.2 గ్రాముల ప్రొటీన్, రెండో గుంపుకి 2.4 గ్రాములు. మొదటి గుంపులో కొవ్వు 3.5 కిలోలు తగ్గింది, కండ దాదాపు ఉన్నచోటే ఉంది. రెండో గుంపులో కొవ్వు 4.8 కిలోలు తగ్గింది, కొవ్వు కాని బరువు 1.2 కిలోలు పెరిగింది. అంత తక్కువ తిండితో కూడా! ఇప్పుడు తమాషా చూడండి. ఈ రెండు గుంపుల్నీ బరువు మిషన్ ఎక్కిస్తే తగ్గింది దాదాపు ఒకటే కనిపిస్తుంది. అందుకే పొద్దున్నే మిషన్ ఎక్కి మూడ్ పాడుచేసుకోకండి, నడుముకి టేపు పెట్టి చూసుకోండి.

ఆర్డర్, బట్ట రెండూ కావాలి. కానీ పెద్ద వాటా ఆర్డర్‌దే. 2018లో 49 పరిశోధనలు కలిపి చూస్తే, వ్యాయామం చేస్తున్నవాళ్లకి అదనపు ప్రొటీన్ వల్ల పైన కలిసిన కొవ్వు కాని బరువు సగటున 0.3 కిలో మాత్రమే. రోజుకి కిలో శరీర బరువుకి సుమారు 1.6 గ్రాములు దాటాక పెద్దగా తేడా కనిపించలేదు. 75 కిలోల మనిషికి రోజుకి 120 గ్రాములు. టైలర్ ఒక్కడే, చేతులు రెండే. ఇంకా తాన్లు దింపితే వేగం పెరగదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. ఆ 120 గ్రాములు ఒక్క పూటే కుక్కకుండా మూడు నాలుగు పూటలకి పంచుకోండి. జిమ్ అయిన అరగంటలో ప్రొటీన్ షేక్ తాగకపోతే అంతా వృథా అన్న టెన్షన్ అక్కర్లేదు, షాపు మర్నాడు కూడా తెరిచే ఉంటుందని ఇందాకే చెప్పాను కదా. బరువు బాగా ఎక్కువున్నవాళ్లు ఇప్పటి బరువుతో కాకుండా చేరాలనుకున్న బరువుతో లెక్క వేసుకోండి. వయసు మళ్లినవాళ్లలో కండ అంత సులువుగా స్పందించదు, కాబట్టి వాళ్లకి పూటకి కాస్త ఎక్కువే కావాలి, బరువులెత్తడం కూడా వాళ్లకే ఎక్కువ అవసరం. ఆడవాళ్లు బరువులెత్తితే పహిల్వానుల్లా అయిపోతారన్న భయం... దానికి వేరే వీడియో చేస్తా, ఇక్కడ మొదలుపెడితే ఆగను. కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఈ మోతాదుతో ఇబ్బంది వస్తుందని తేలలేదు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఒక్క గ్రాము కూడా పెంచొద్దు.